మీదే జిల్లా?

ఎవరైనా కొత్తవాళ్లు పరిచయమైతే మనం అడిగే మొదటి ప్రశ్న 'మీ పేరేంటి?'. రెండోది 'మీదే ఊరు?'. మూడోది 'అది ఏ జిల్లా?'. మొదటి రెండింటికీ జవాబు చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. నిజానికి మూడోదానికీ ఉండకూడదు. కానీ ఒక్కసారి మా బాబాయిని ఆ ప్రశ్న అడిగి చూడండి. ముందు చిన్నగా నవ్వుతాడు. తర్వాత కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటాడు. ఆ తర్వాత తీరిగ్గా, 'ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారు?' అని ఎదురు ప్రశ్న వేస్తాడు.

బాబాయిది చింతూరు. శబరి ఒడ్డున ఉంటుంది. ఒకవైపు వెళితే ఒడిశా, ఇంకోవైపు వెళితే ఛత్తీస్‌గఢ్, మరోవైపు వెళితే తెలంగాణ. బడిపంతులుగా అక్కడికి వెళ్లి, అక్కడే పదవీ విరమణ చేసి, ఆ గాలికీ ఆ నీళ్లకీ అలవాటుపడి అక్కడే ఉండిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన ఇల్లు మారలేదు. గుమ్మం మారలేదు. గుమ్మం ముందు వేపచెట్టూ మారలేదు. చిరునామా మాత్రం మారుతూనే ఉంది.

అదెంత గొడవో నాకు మొన్నటిదాకా తెలీదు. మనకు దెబ్బ తగిలితే గానీ ఎదుటివాడి నొప్పి తెలియదు కదా! సంక్రాంతి వెళ్లాక బాబాయికి బీపీ చూసుకునే మెషీన్ ఒకటి పంపిద్దామనుకున్నాను. ఇప్పుడు అదేమన్నా పెద్ద పనా? ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే చాలు. నొక్కాను. చిరునామా దగ్గర పిన్‌కోడు అడిగింది. 507126 అని కొట్టాను. అంతే, మిగతాదంతా అదే నింపేసుకుంది. జిల్లా: ఖమ్మం. రాష్ట్రం: తెలంగాణ.

'కాదు నాయనా' అని తుడిపేసి ఆంధ్రప్రదేశ్ అని మార్చాను. వెంటనే ఎర్రక్షరాలు వచ్చాయి. పిన్‌కోడుకీ రాష్ట్రానికీ పొంతన లేదట. సరే, పిన్‌కోడు మారుద్దామా అంటే ఆ ఊరికున్నది అదొక్కటే. ఓ పావుగంట దానితో కుస్తీ పట్టి, ఆఖరికి చేతులెత్తేసి, బాబాయిని తెలంగాణలోనే ఉంచేసి డబ్బు కట్టేశాను.

తర్వాత ఆ మెషీన్ ప్రయాణం చూడాలి... మూడో రోజు 'ఖమ్మం చేరింది' అన్నారు. అయిదో రోజు 'చిరునామా ఈ పరిధిలో లేదు' అన్నారు. ఏడో రోజు ఎవరో కుర్రాడు ఫోన్ చేసి, 'సార్, మీ చింతూరు మా ఏరియా కాదండీ, భద్రాచలం వచ్చి తీసుకుంటారా?' అని అడిగాడు. పదో రోజు 'వినియోగదారు నిరాకరించినందున వెనక్కి పంపడమైనది' అని మెసేజ్ వచ్చింది. వినియోగదారు ఎవరయ్యా అంటే మా బాబాయి. ఆయన ఆ డబ్బా మొహం కూడా చూడలేదు. కాకపోతే ఆ పది రోజుల్లో నాకు మాత్రం బీపీ పెరిగింది!

ఈ సంగతి ఫోన్‌లో చెబితే బాబాయి పగలబడి నవ్వాడు. 'ఒరేయ్ అబ్బాయ్, నీది ఒక్క డబ్బా. మాది పన్నెండేళ్ల కథ. ఓసారి వచ్చిపో, చెబుతాను' అన్నాడు. సరే, కాలమ్‌కి సరుకు దొరుకుతుందని బయల్దేరాను. డబ్బా కూడా చంకన పెట్టుకునే వెళ్లాననుకోండి!

ఒక్క గుమ్మం... నాలుగు జిల్లాలు

బాబాయి ఇంటి వసారాలో కూర్చుని టీ తాగుతూ ఆ కథ విన్నాను. మీకూ టూకీగా చెబుతాను. టూకీగా అంటున్నాను గానీ కథ నిజాం నవాబు దగ్గర మొదలవుతుంది మరి.

గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న ఈ భద్రాచలం, రేకపల్లి ప్రాంతాన్ని 1860లో నిజాం నవాబు ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు తీసుకెళ్లి సెంట్రల్ ప్రావిన్సుల్లో కలిపారు. 1874లో అక్కణ్నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు ఇచ్చారు. ఆ తర్వాత గోదావరి జిల్లా రెండయి, తూర్పుగోదావరిలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. ఇదంతా తాతల కాలం నాటి ముచ్చట. అప్పట్లో ఆధార్‌లు లేవు, ఆన్‌లైన్‌లు లేవు. కొండమీద పోడు చేసుకునే కోయ రైతుకి తాను సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉన్నాడో, మద్రాసులో ఉన్నాడో తెలియాల్సిన పనే ఉండేది కాదు.

అసలు తంటా 2014లో మొదలైంది. రాష్ట్రం రెండయింది. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతం మొత్తం ఒకే రాష్ట్రంలో ఉండాలని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కి మార్చారు. మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జులైలో పార్లమెంటు చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలూ, పట్టణాన్ని మినహాయించిన భద్రాచలం మండలమూ తూర్పుగోదావరి జిల్లాలోకి వచ్చాయి. కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు మండలంలో కొంతభాగం పశ్చిమగోదావరికి వెళ్లాయి.

ఇక్కడో తమాషా గమనించారా? తెలంగాణ రాష్ట్రం పుట్టింది 2014 జూన్ 2న. ఆర్డినెన్సు అంతకు నాలుగు రోజుల ముందే వచ్చేసింది. అంటే చట్టప్రకారం చింతూరు ఒక్క రోజు కూడా తెలంగాణ రాష్ట్రంలో లేదన్నమాట! ఆ సంగతి కంప్యూటర్లకు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, తూర్పుగోదావరి అన్నారు. కలెక్టరు కాకినాడలో. మారేడుమిల్లి ఘాట్ దిగి వెళ్లాలి. అలవాటు పడటానికి కొన్నేళ్లు పట్టింది. కాస్త అలవాటయ్యాక, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. చింతూరు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. అల్లూరి పేరంటే ఏజెన్సీలో ఎవరికి ఇష్టం ఉండదు? పేరు బాగుంది. పాడేరే దూరం. రెండొందల కిలోమీటర్ల పైమాటే. కలెక్టరుగారికి ఒక అర్జీ ఇవ్వాలంటే ఒకపూట వెళ్లడం, ఒకరాత్రి పడుకోవడం, ఇంకోపూట రావడం. అర్జీలో అడిగే సాయం కన్నా దారిఖర్చే ఎక్కువ.

జనం మొత్తుకోగా మొత్తుకోగా 2025 డిసెంబరు ఆఖరులో రంపచోడవరం, చింతూరు డివిజన్లను కలిపి కొత్త జిల్లా చేశారు. కలెక్టరు రంపచోడవరంలో. వంద కిలోమీటర్ల లోపే. నిజంగా మేలే. ఇంతకీ జిల్లా పేరేమిటో తెలుసా? పోలవరం జిల్లా! అయితే పోలవరం ఊరు ఈ జిల్లాలో లేదు. అది గోదావరికి అవతల, ఏలూరు జిల్లాలో ఉంది.

'ఏ ఊరి పేరు పెట్టారో ఆ ఊరు జిల్లాలో లేదు. జిల్లాలో ఉన్న ఊళ్ల సంగతి కంప్యూటర్లో లేదు. ఇంతకన్నా ఏం కావాలిరా!' అన్నాడు బాబాయి.

మెగావాట్లు వెళ్లాయి... పిన్‌కోడు వెళ్లలేదు

ఇలాంటి మార్పుల్లో ఓ చిత్రముంది. పెద్ద పెద్ద వస్తువులు ఒక్క సంతకంతో మారిపోతాయి. చిన్న చిన్నవే మారవు.

చింతూరు మండలంలో మోతుగూడెం ఉంది కదా. అక్కడి దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు. 2014లో మండలం మారగానే ఆ కేంద్రం కూడా ఆంధ్రప్రదేశ్ ఖాతాలోకి వచ్చేసింది. అంతంత టర్బైన్లు, పెన్‌స్టాక్ గొట్టాలు, ఆనకట్టు... అన్నీ కాగితం మీద కదిలిపోయాయి. కానీ ఆరంకెల పిన్‌కోడు కదల్లేదు. దేశంలో పిన్‌కోడ్లు వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆ లెక్క ప్రకారం 50తో మొదలైతే ఇప్పటి తెలంగాణ ప్రాంతం. 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. 507 అంటే ఖమ్మం వైపు. పోస్టల్ శాఖకి పిన్‌కోడు అంటే ఉత్తరం ఏ సంచిలో వెయ్యాలో చెప్పే గుర్తు, అంతే. పోస్ట్‌మ్యాన్‌కి దానితో ఏ బాధా లేదు. ఆయన పేరు చూసి, ఇంటిపేరు చూసి, వేపచెట్టు చూసి ఉత్తరం ఇచ్చేస్తాడు. వచ్చిన చిక్కల్లా ఆ గుర్తుని చూసి రాష్ట్రాన్ని తేల్చేసే యంత్రంతోనే.

బాబాయి స్కూటర్ సంగతీ అంతే. దాని నంబరు ఏపీ 20తో మొదలవుతుంది. ఏపీ 20 అంటే ఒకప్పటి ఖమ్మం జిల్లా. రాజమండ్రిలో ఆపితే 'ఏం మాస్టారూ, ఖమ్మం బండి ఇక్కడ తిప్పుతున్నారు?' అంటారట. భద్రాచలంలో ఆపితే 'ఆంధ్రాలో ఉంటూ ఖమ్మం నంబరేంటి?' అంటారట. 'ఒరేయ్, బండి నేను తిప్పలేదు, మమ్మల్నే తిప్పారు' అని చెప్పీ చెప్పీ, ఇప్పుడు ఆయన స్కూటర్‌ని వేపచెట్టు కిందే ఉంచుతున్నాడు.

సెల్‌ఫోన్ గురించి చెప్పక్కర్లేదు. మోటు వైపు నాలుగడుగులు వేస్తే ఒడిశాకు స్వాగతం అని మెసేజ్. కొంట వైపు వెళితే ఛత్తీస్‌గఢ్‌కు స్వాగతం. కొండ ఎక్కితే సిగ్నల్ ఉంటుంది, దిగితే పోతుంది. ఇప్పుడేమో ప్రతి పనికీ ఓటీపీ! గ్యాస్ బండకి ఓటీపీ, బ్యాంకుకి ఓటీపీ. ఆ ఓటీపీ పది నిమిషాల్లో చచ్చిపోతుంది. కొండెక్కడానికి పావుగంట. వేలిముద్ర వేద్దామంటే, ఏళ్ల తరబడి చింతపండు కొట్టీ, అడ్డాకులు కుట్టీ, వెదురు నరికీ ముసలాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. 'మీ ముద్ర సరిపోలడం లేదు' అంటుంది మెషీన్. మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. మనిషి ఉన్నట్టు మెషీన్ మాత్రం ఒప్పుకోదు.

మన పేపర్లు కూడా ఏం తక్కువ తినలేదు. ఒకప్పుడు చింతూరుకి ఖమ్మం ఎడిషన్ వచ్చేది. భద్రాచలం వార్తలు, కొత్తగూడెం గనుల వార్తలు ఉండేవి. ఆ తర్వాత తూర్పుగోదావరి వార్తలు వచ్చాయి. 'అమలాపురంలో కొబ్బరి ధర, అంతర్వేది తీర్థం అన్నీ కంఠతా వచ్చేశాయిరా. మా ఊళ్లో బస్సెందుకు రాలేదో మాత్రం ఎవరూ రాయలేదు' అన్నాడు బాబాయి. మనది ఆ వృత్తే కాబట్టి నేను గబగబా టీ తాగేసి ఊరుకున్నాను.

ఎమ్మెల్యేగారికీ తప్పలేదు!

ఇదంతా చదువు రానివాళ్లకీ, చేతకానివాళ్లకీ వచ్చే కష్టం అనుకునేరు. ఎమ్మెల్యేగారికే తప్పలేదు. 2014 ఎన్నికల్లో భద్రాచలం నియోజకవర్గం నుంచి సీపీఎం తరఫున గెలిచింది సున్నం రాజయ్య. నిరాడంబరుడిగా పేరున్న నాయకుడు. ఆయన సొంతూరు వరరామచంద్రాపురం మండలంలో ఉంది. ఓట్లు పడిన కొద్ది వారాలకే మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. నియోజకవర్గం తెలంగాణలో మిగిలింది. అంటే ఆయన కూర్చునేది తెలంగాణ శాసనసభలో, సొంత ఇల్లేమో ఆంధ్రప్రదేశ్‌లో. ఆయనకు ఓట్లేసిన చింతూరు జనానికేమో ఎమ్మెల్యే ఒక రాష్ట్రంలో, ముఖ్యమంత్రి మరో రాష్ట్రంలో. మళ్లీ ఎన్నికలొచ్చే సరికి 2019లో ఆయన ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. 2020లో కన్నుమూశారు.

ప్రపంచంలో ఇలాంటివాళ్లు మనమే కాదు లెండి. ఉక్రెయిన్‌కి పడమటి కొసన ముకచేవో అనే పట్నం ఉంది. అక్కడివాళ్లు తమ మీద తామే ఓ జోకు చెప్పుకుంటారు. ఓ ముసలాయన ఆస్ట్రియా-హంగరీలో పుట్టాడట, చెకోస్లోవేకియాలో బడికెళ్లాడట, హంగరీలో పెళ్లి చేసుకున్నాడట, సోవియట్ యూనియన్‌లో ఉద్యోగం చేశాడట, ఉక్రెయిన్‌లో పింఛను తీసుకుంటున్నాడట. 'అబ్బో, చాలా దేశాలు తిరిగారే!' అంటే, 'లేదు బాబూ, నేనెప్పుడూ ముకచేవో దాటలేదు' అన్నాడట. అంతెందుకు, మన దేశానికీ బంగ్లాదేశ్‌కీ మధ్య ఒకరి నేలలో ఒకరి ఊళ్లు చిక్కుకుపోయి ఉండేవి. ఇటువి అటూ అటువి ఇటూ కలిపి 162. 2015లో మార్చుకునేదాకా ఆ ఊళ్లవాళ్లది ఇంతకన్నా ఘోరమైన పరిస్థితి.

ఇది విని మనం నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకుంటూనే ఉన్నాను, సాయంత్రం ఆ అమ్మాయి వచ్చేదాకా.

'ఎన్ని ఊళ్లు తిరిగావమ్మా?'

పొద్దువాలే వేళకి చేతిలో పాలిథిన్ కవరుతో ఓ అమ్మాయి వచ్చింది. బాబాయి పాత విద్యార్థిని. దగ్గర్లోనే శబరి పక్కన ఓ కోయగూడెం. నర్సింగ్ చదివింది. కాంట్రాక్టు నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెడితే జాబితాలో పేరొచ్చింది. వాళ్లింట్లో, ఆ మాటకొస్తే వాళ్ల గూడెంలో నెల జీతం తీసుకోబోయే మొదటి ఆడపిల్ల. సర్టిఫికెట్లు చూపించమని నగరంలో ఓ ఆఫీసుకి పిలిచారు. వెళ్లింది. వెనక్కి పంపేశారు.

ఆ కవరులోంచి ఒక్కో కాగితం తీసి బల్ల మీద పరిచింది. 2005లో పుట్టినప్పటి జనన ధ్రువపత్రం: ఖమ్మం జిల్లా. పదో తరగతి మెమో: తూర్పుగోదావరి జిల్లా. కరోనా వల్ల 2020లో పరీక్షలు రద్దయి అందర్నీ పాస్ చేసిన బ్యాచ్ అది. ఇంటర్‌లో చేరినప్పుడు తూర్పుగోదావరి, 2022 మేలో పరీక్ష రాసేనాటికి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇప్పుడు తీసుకున్న నివాస ధ్రువపత్రం: పోలవరం జిల్లా. అన్నిట్లో ఊరు ఒకటే. తండ్రి పేరు ఒకటే. అయితే ఊరి పేరుకి ఇంగ్లీషులో ఒకచోట రెండు 'ఓ'లు పడ్డాయి, ఇంకోచోట ఒక్క 'యు' పడింది, మరోచోట ఆఖర్న ఇంకో 'యు' తగిలింది.

'కిటికీలో కూర్చున్నాయన అన్నీ తిరగేసి, ఎన్ని ఊళ్లు తిరిగావమ్మా అనడిగాడు సార్' అంది ఆ అమ్మాయి.

'నువ్వేమన్నావ్?'

'ఎక్కడికీ తిరగలేదు సార్, ఇక్కడే ఉన్నాను, జిల్లాలే తిరిగాయి అన్నాను. ఎటకారమా అని కోప్పడ్డాడు.'

బాబాయి నవ్వాడు గానీ అమ్మాయి నవ్వలేదు. ఎందుకంటే ఆ దరఖాస్తులో 'ఉమ్మడి జిల్లా' అని ఓ గడి ఉంది. కొత్త జిల్లాలు వచ్చినా ఉద్యోగాల లెక్కల్లో చాలాచోట్ల పాత జిల్లాలనే తీసుకుంటున్నారు. ఉమ్మడి కుటుంబాలు పోయాయి గానీ ఉమ్మడి జిల్లాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చింతూరుకి ఉమ్మడి జిల్లా ఏది? 2022కి ముందుది అనుకుంటే తూర్పుగోదావరి. పుట్టిన కాగితం ప్రకారం ఖమ్మం. ఖమ్మం అంటే ఇప్పుడు తెలంగాణ. 'నువ్వు మా రాష్ట్రం దానివే కాదేమో, నాన్ లోకల్ అవుతావేమో చూడాలి' అన్నాడట కిటికీలో ఆయన. వారం గడువిచ్చాడు. అందులో నాలుగు రోజులు అయిపోయాయి.

స్థానికత అనే ఈ ఒక్క మాట మీద మన దగ్గర సీటు ఉంటుంది లేదా పోతుంది. పట్నంలో ఉన్నవాళ్లకి అదో గడి. నింపేస్తాం, మర్చిపోతాం. ఆ అమ్మాయికి అదే ఉద్యోగం.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ కాగితాలన్నీ అంచుల్లో గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. ఏమిటని అడిగితే, 2022 జులై వరద మరకలంది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే. కూనవరం దగ్గర శబరి వెళ్లి గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లకు దారి దొరకదు. వెనక్కి తంతాయి. చింతూరు దగ్గర జాతీయ రహదారి మీద పడవలు తిరిగిన రోజులవి. అర్ధరాత్రి ఇల్లు వదిలి గుట్ట ఎక్కేటప్పుడు వాళ్లమ్మ బియ్యం మూట ఎత్తుకుంది, నాన్న మేకల్ని తోలాడు, ఈ అమ్మాయి ఈ కవరు తీసుకుంది. 'బియ్యం మళ్లీ ఇస్తారు సార్. ఇవి ఎవరిస్తారు?' అంది.

ఒక్క పేజీ కాగితం

మర్నాడు బాబాయి పాత అలవాటు కొద్దీ పంతులైపోయాడు. నన్ను గుమస్తాను చేశాడు. ఓ తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి పట్టిక రాయించాడు. ఎడమవైపు తేదీలు, కుడివైపు ఆ రోజుల్లో చింతూరు ఉన్న జిల్లా. 2014 మే దాకా ఖమ్మం. అక్కణ్నుంచి 2022 ఏప్రిల్ 3 దాకా తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు. 2025 డిసెంబరు ఆఖరు నుంచి పోలవరం. దాని కింద ఒకటే వాక్యం: 'పైన తెలిపిన నాలుగు జిల్లాలలోనూ ఉన్నది ఒకే గ్రామము, దరఖాస్తుదారు ఎన్నడూ నివాసము మార్చలేదు.'

దానికి 2014 చట్టం ప్రతి, జిల్లాల గెజిట్ ప్రతులు జతచేశాం. స్థానిక అధికారి చదివి, ఓ నిమిషం ఆలోచించి, సంతకం చేసి ముద్ర వేశాడు. వేస్తూ, 'ఇలాంటిది ఒకటి అచ్చువేయించి ఉంచితే పోయేదండీ. రోజుకొకరు వస్తున్నారు' అన్నాడు. ఆ మాట నిజం. మార్చేటప్పుడు పటం మీద గీత గీసేవాళ్లు, ఆ గీత కింద బతికే మనిషి చేతికి ఇలాంటి కాగితం ఒకటి ఇచ్చి పంపితే సగం గొడవలు ఉండవు. పిన్‌కోడు చూసి రాష్ట్రాన్ని తేల్చే కంప్యూటర్లో ఒక్క లైను మారిస్తే మిగతా సగం ఉండవు. రెండింటికీ పెద్దగా ఖర్చు కూడా కాదు.

ఇది ఒక్క చింతూరు గొడవే కాదు. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయి, ఇప్పుడు 28కి చేరాయి. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్లలో పిల్లల సర్టిఫికెట్ల మీద ఒక జిల్లా, ఆధార్ మీద ఇంకో జిల్లా ఉండే ఉంటాయి. మా బాబాయి సలహా ఒకటి మీకూ చెబుతాను. పాత కాగితంలో జిల్లా పేరు తప్పని దిద్దించబోకండి. అది తప్పు కాదు, ఆనాటికి అదే నిజం. దాన్ని అలాగే ఉంచి, మీ ఊరు ఎప్పుడు ఏ జిల్లాలోకి వెళ్లిందో తెలిపే గెజిట్ ప్రతి ఒకటి దానితోపాటు దాచుకోండి. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండేట్టు ఇంటర్ దాటకముందే సరిచూసుకోండి. కిటికీ దగ్గర నిలబడ్డాక చూసుకుంటే లాభం ఉండదు.

అమ్మాయి ఆ రాత్రి బస్సుకే బయల్దేరింది. మూడో రోజు బాబాయి ఫోన్ చేశాడు. కిటికీలో ఆయన పట్టిక రెండుసార్లు చదివాడట. పక్క సీటాయనకి చూపించాడట. ఇద్దరూ కలిసి కాసేపు నవ్వుకున్నారట. ఆఖరికి ఉమ్మడి తూర్పుగోదావరి, స్థానికురాలు అని రాసి టిక్కు పెట్టాడట. 'ముందే ఇది తెచ్చుంటే అయిపోయేది కదమ్మా' అన్నాడట కూడా. ఆ మాట ఎక్కడైనా ఆఖర్న వినిపించేదే, కాదూ!

ఇక్కడితో నా కాలమ్ అయిపోవాలి. కానీ బస్టాండులో ఆ అమ్మాయి అన్న ఒక మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

'పోన్లేమ్మా, ఇక జిల్లా దగ్గరికొచ్చింది, మళ్లీ మార్చరులే' అన్నాను, ఏదో ధైర్యం చెబుదామని.

'జిల్లా మార్చరేమో సార్' అంది. 'ఊరే మారుస్తారు.'

వాళ్ల గూడెం పోలవరం ముంపు జాబితాలో ఉంది. ఆ జాబితాలో 370కి పైగా ఆవాసాలున్నాయి. 41.15 మీటర్ల మట్టానికి నీరు నిలిపితే కొన్ని ఊళ్లు, పూర్తిగా 45.72 మీటర్లకు నిలిపితే ఇంకొన్ని. వాళ్లది ఆ రెండోదాంట్లో ఉందట. ఎప్పుడు వెళ్లాలో, ఏ కాలనీకి వెళ్లాలో, అది ఏ మండలంలో ఉంటుందో ఇంకా ఎవరూ చెప్పలేదట. నూటయాభై ఏళ్లుగా జిల్లాలే ఒకదాని తర్వాత ఒకటి ఆ గూడెం దగ్గరికి వచ్చి వెళ్లాయి. ఈసారి గూడెమే లేచి వెళ్లాలి. అప్పుడు 'దరఖాస్తుదారు ఎన్నడూ నివాసము మార్చలేదు' అనే వాక్యం కూడా పనికిరాదు.

బస్సు వచ్చింది. అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని కవరు ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలాక బాబాయీ నేనూ ఇంటికి నడిచాం. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, నేను తెచ్చిన డబ్బా విప్పి, పట్టీ చేతికి చుట్టుకుని మీట నొక్కాడు. బీపీ కాస్త ఎక్కువే ఉంది.

'ఎందుకుండదురా!' అన్నాడు.